చూసిన అక్షరాన్ని మళ్లీ చూడకుండా

"జవాబు సరిగ్గానే వస్తోంది సార్. నా ల్యాప్‌టాప్‌లో ఇరవై ఉదాహరణలు పెట్టి చూశాను. ప్రోగ్రామింగ్ పోటీకి పంపితే మాత్రం టైమ్ అయిపోయిందంటోంది. పైథాన్‌లో రాయడమే తప్పా?"

ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద ఒక సాయంత్రం ఓ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. కంప్యూటర్ సైన్స్ చెప్పేవాళ్లకు ఏడాదిలో పదిసార్లయినా ఎదురవుతుంది. "సీ ప్లస్ ప్లస్‌లో రాసుకో" అని మేం తరచూ జవాబిస్తాం. అది తొందరపాటు జవాబని నా నమ్మకం. ఆ అమ్మాయి ప్రోగ్రాముకు పట్టిన జబ్బు భాషది కాదు. ఒకసారి చేసి ముగించిన పనినే మళ్లీ మొదటి నుంచి లక్షలసార్లు చేయడం దాని జబ్బు.

లెక్క చూడటానికి చిన్నదే. ఒక అక్షరాల వరుస ఇస్తారు. దాన్ని ముందు నుంచి ఒక్కో అక్షరం తగ్గించుకుంటూ పోతే కొన్ని తోకలు వస్తాయి. ప్రతి తోకా మొదటి వరుసతో ఎన్ని అక్షరాల మేరకు కలుస్తుందో లెక్కపెట్టి, అన్నీ కూడి చెప్పాలి. ‘గలగలగల’ అనే ఆరక్షరాలను తీసుకుందాం. మొత్తం వరుస తనతో తాను ఆరు అక్షరాలూ కలుస్తుంది. ‘లగలగల’ మొదటి అక్షరంలోనే తప్పిపోయింది, సున్నా. ‘గలగల’ నాలుగు, ‘లగల’ సున్నా, ‘గల’ రెండు, చివరి ‘ల’ సున్నా. మొత్తం 12. ఇచ్చే వరుస లక్ష అక్షరాల దాకా ఉండవచ్చు.

ఆ విద్యార్థిని రాసిన పద్ధతి ఎవరికైనా మొదట తోచేదే. ఒక లూపు తోకలను కోస్తుంది. లోపలి లూపు ఆ తోకను తలతో అక్షరం అక్షరం పోలుస్తూ, తేడా రాగానే ఆగుతుంది. ఇది తన యంత్రం మీద ఎందుకు చకచకా నడిచింది? తాను పెట్టిన ఉదాహరణల్లో అక్షరాలు కలగాపులగంగా ఉన్నాయి. అలాంటి వరుసలో ప్రతి తోకా ఒకటి రెండు పోలికల్లో తేలిపోతుంది. పరీక్ష పెట్టినవారు మాత్రం లక్ష ‘అ’లు వరుసగా రాసి ఇచ్చారు. అప్పుడు ఏ తోకలోనూ తేడా రాదు, ప్రతిదాన్నీ చివరిదాకా చదవాల్సిందే. లక్ష, దాని తర్వాత 99,999, ఆ తర్వాత 99,998... అలా ఒకటి దాకా. కూడితే 500 కోట్ల 50 వేల పోలికలు. సాధారణ ల్యాప్‌టాప్ మీద పైథాన్ లూపు సెకనుకు రెండు కోట్ల పోలికలు చేయగలదనుకున్నా 250 సెకన్లు కావాలి. పోటీల్లో ఇచ్చే గడువు కొద్ది సెకన్లే.

కోడ్ మార్చే ముందు కొలిచి చూడమన్నాను. పైథాన్‌తో పాటే వచ్చే టైమ్‌ఇట్, సీప్రొఫైల్ అనే రెండు సాధనాలు ఇందుకే ఉన్నాయి. ఏ ఫంక్షన్ ఎన్నిసార్లు నడిచింది, ఎంత సమయం తిన్నది అనేది ఊహకు వదలకూడదు. నాకు మరీ ఇష్టమైన పరీక్ష ఇంకా తేలికైనది: వరుస పొడవును రెట్టింపు చేస్తూ పోవడం. ఒకే అక్షరం వెయ్యిసార్లు ఉన్న వరుసకు 5,00,500 పోలికలు. రెండు వేలకు 20,01,000. నాలుగు వేలకు 80,02,000. పొడవు రెట్టింపైన ప్రతిసారీ పని నాలుగింతలవుతోంది. ఈ నాలుగింతల గుర్తు కనబడితే జబ్బు పద్ధతిలోనే ఉందని అర్థం. భాష మారిస్తే అది పోదు. సీ ప్లస్ ప్లస్‌లో సెకనుకు వంద కోట్ల పోలికలు జరిగితే లక్ష అక్షరాలకు ఐదు సెకన్లు పడుతుంది, నిజమే. పది లక్షల అక్షరాలు ఇస్తే మళ్లీ 500 సెకన్లు.

మెట్ల మీదే కూర్చుని నోట్‌బుక్ చివరి పేజీలో ఒక వరుస రాసుకున్నాం. గ-ల-గ-ల-మ-గ-ల-గ-ల. తొమ్మిది అక్షరాలు, కింద వాటి స్థానాలు 1 నుంచి 9 దాకా. రెండో స్థానంలో ‘ల’, తల ‘గ’తో కలవదు, సున్నా. మూడో స్థానం నుంచి ‘గల’ కలిసింది, ఆ పైన ‘గ’ ఉండాల్సిన చోట ‘మ’ వచ్చింది. కాబట్టి రెండు. నాలుగు, ఐదు స్థానాలకు సున్నాలు. ఆరో స్థానం దగ్గర ‘గలగల’ కలిసి వరుసే అయిపోయింది, నాలుగు. ఇక్కడ ఆగమన్నాను. "ఆరు నుంచి తొమ్మిది దాకా ఉన్న నాలుగక్షరాలూ ఒకటి నుంచి నాలుగు దాకా ఉన్నవాటికి నకలే కదమ్మా. మరి ఏడో స్థానం జవాబు కోసం మళ్లీ చదవాలా?"

కాసేపు పేజీ వంక చూసి తానే చెప్పింది. ఏడో స్థానం రెండో స్థానానికి నకలు, అక్కడ సున్నా, ఇక్కడా సున్నా. ఎనిమిదో స్థానం మూడోదానికి నకలు. అక్కడ రెండు. నకలు భాగం కూడా సరిగ్గా ఇంకో రెండక్షరాలే మిగిలి ఉంది, కాబట్టి ఆ హద్దు దాటాక మాత్రమే కొత్తగా చదవాలి. వరుస అక్కడితో ముగిసింది గనుక రెండే జవాబు. తొమ్మిదోది నాలుగోదానికి నకలు, సున్నా. మొత్తం 17. ఏడు, ఎనిమిది, తొమ్మిది స్థానాలకు ఒక్క అక్షరాన్నీ కొత్తగా పోల్చకుండానే జవాబు వచ్చేసింది.

దీన్నే జెడ్ అల్గారిథం అంటారు. ఇప్పటిదాకా తలతో కలిసిన భాగాల్లో కుడివైపు అన్నిటికంటే దూరం వెళ్లినదాని హద్దును గుర్తుపెట్టుకోవాలి. కొత్త స్థానం ఆ హద్దు లోపల ఉంటే, తల భాగంలో దాని జోడీకి వచ్చిన జవాబును చూడాలి. అది హద్దు లోపలే తేలిపోతే అలాగే ఎత్తి రాసుకోవాలి. హద్దును తాకితే హద్దు అవతల నుంచి మాత్రమే చదవడం కొనసాగించాలి. హద్దు ఎప్పుడూ కుడికే కదులుతుంది, వెనక్కి రాదు. కలిసిన ప్రతి పోలికా హద్దును ఒక్కో అక్షరం ముందుకు జరుపుతుంది. కలవని పోలిక ఒక్కో స్థానానికి ఒకటి మించదు. అందుకే లక్ష అక్షరాలకు రెండు లక్షల పోలికలు దాటవు. 500 కోట్ల నుంచి రెండు లక్షలకు, అంటే 25,000 రెట్లు తగ్గింది. అదే పైథాన్, అదే ల్యాప్‌టాప్. కొత్త ప్రోగ్రాము సెకను కూడా తీసుకోలేదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. చూసిన అక్షరం గురించి తెలిసినదాన్ని పారేయకూడదనే సూత్రంతోనే నూత్, మారిస్, ప్రాట్ 1977లో తమ అల్గారిథం ప్రచురించారు. అదే ఏడాది బాయర్, మూర్ ఇంకో అడుగు వేసి, కొన్ని అక్షరాలను అసలు చూడకుండానే దాటేయవచ్చని చూపారు. అంతకు రెండేళ్ల ముందే ఆహో, కొరాసిక్ అనేక మాటలను ఒకే పఠనంలో వెతికే దారి వేశారు. జెడ్ పద్ధతి విద్యార్థులకు బాగా దగ్గరైంది డాన్ గస్‌ఫీల్డ్ 1997లో రాసిన పాఠ్యగ్రంథంతో. ఆ గ్రంథం పేరులోనే కంప్యూటర్ సైన్స్‌తో పాటు జీవశాస్త్రం కూడా ఉంది. ఆ సంగతికి తిరిగి వస్తాను.

పైథాన్ నెమ్మది కాదా అంటే, నెమ్మదే. లూపులో ప్రతి అడుగునూ ఇంటర్‌ప్రిటర్ చదివి అర్థం చేసుకుని నడపాలి. చిన్న అంకె కూడా అక్కడ ఒక పూర్తి వస్తువు. కొన్ని మంచి అలవాట్లు ఆ భారాన్ని తగ్గిస్తాయి. కోడ్‌ను ఫంక్షన్ లోపల పెట్టడం, లూపులో స్ట్రింగులను కూడుతూ పోకుండా ముక్కలన్నీ లిస్టులో చేర్చి చివర్లో ఒక్కసారి జాయిన్ చేయడం, అవసరం లేని చోట స్లైసింగ్ మానడం. స్లైసింగ్ గురించి మనవాళ్లు చాలామంది గమనించరు. తోకను కోసిన ప్రతిసారీ పైథాన్ ఆ అక్షరాలన్నిటినీ కొత్తగా కాపీ చేస్తుంది. లక్ష తోకలు కోస్తే పోలికలు మొదలుకాకముందే 500 కోట్ల అక్షరాల కాపీ. ఇవన్నీ చేయదగినవే. కానీ వీటితో వచ్చేది సాధారణంగా రెండు మూడు రెట్ల వేగం. 2022లో వచ్చిన పైథాన్ 3.11ను దాని రూపకర్తలు ఎంతో శ్రమించి వేగవంతం చేస్తే, ప్రామాణిక పరీక్షల్లో సగటున 1.25 రెట్ల లాభం వచ్చింది. 25,000 రెట్ల పక్కన దీన్ని పెట్టి చూడండి.

పైథాన్ లోపల ఉన్న పనిముట్లను తక్కువ చేయకూడదు కూడా. ఒక మాటను ఇంకో వరుసలో వెతికే ఫైండ్ పైథాన్‌లో కాదు, సీ భాషలో రాసి ఉంది. చాలా ఏళ్లు అది బాయర్–మూర్ పద్ధతి నుంచి పుట్టిన ఒక సంకరంతో నడిచింది. మామూలు పాఠంలో మెరుపులా ఉన్నా, ఒకే రకం అక్షరాలు పదే పదే వచ్చే వరుసల్లో చతికిలబడేది. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి, పొడవైన వరుసల కోసం క్రొషెమోర్, పెరాన్ 1991లో ప్రచురించిన ద్విముఖ పద్ధతిని చేర్చి ఆ లోపం సరిదిద్దారు. పునరావృతమే శత్రువని పైథాన్ కట్టినవాళ్లకూ తెలిసివచ్చింది.

తెలుగు పాఠంతో పనిచేసేవారికి ఒక హెచ్చరిక. ‘తెలుగు’ అనే మాట పొడవు అడిగితే పైథాన్ ఆరు అంటుంది, మూడు అనదు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము – యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. నేను పైన ‘గలగల’ను ఎంచుకోవడానికి ఒక కారణం అదే: గుణింతం లేని అక్షరాలు కాబట్టి ఒక్కోదానికి ఒక్క సంకేతమే. తెలుగులో అక్షరాల పోలికను లెక్కపెట్టే ప్రోగ్రాము రాసేవారు ముందుగా దేన్ని అక్షరం అంటున్నారో తేల్చుకోవాలి.

‘గలగల’ను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. మన భాషలో అనుకరణ మాటలకు కొదవ లేదు. తళతళ, జలజల, గణగణ, మిలమిల – చిన్న ముక్కను వెంటవెంటనే రెండుసార్లు పలికితే మాట తయారు. సరిగ్గా ఇలాంటి మాటలు మన కణాల్లోనూ రాసి ఉన్నాయి. డీఎన్‌ఏ నాలుగక్షరాల లిపి: ఎ, సి, జి, టి. అందులో ఒకటి నుంచి ఆరక్షరాల ముక్క ఏదైనా వెంటవెంట మళ్లీ మళ్లీ వస్తే దాన్ని మైక్రోసాటిలైట్ అంటారు. 2001లో వెలువడిన మానవ జీనోమ్ తొలి ముసాయిదా విశ్లేషణ ప్రకారం, ఇలాంటి సరళ పునరావృతాలు చిన్నవీ కాస్త పెద్దవీ కలిపి మన జీనోమ్‌లో సుమారు 3 శాతం. అవి పనికిమాలిన నత్తి కాదు. హంటింగ్టన్ వ్యాధి జన్యువును 1993లో కనుగొన్నప్పుడు, అందులో సి-ఎ-జి అనే మూడక్షరాల ముక్క ఎన్నిసార్లు వచ్చిందన్నదే అసలు సంగతని తేలింది. అది 40 లేదా అంతకు మించితే వ్యాధి వస్తుంది. ఒక మనిషి జీవితమంతా ఒక లెక్క మీద ఆధారపడి ఉంది. నేర పరిశోధనలో మనుషులను గుర్తుపట్టేదీ, పంటల్లో మంచి వంగడాలను ఎంచుకునేదీ ఇలాంటి లెక్కలతోనే.

విశ్వవిద్యాలయం నుంచి బయటికొచ్చి తార్నాక చౌరస్తా దాటి హబ్సిగూడ వైపు సాగితే ఈ అక్షరాలతో నిత్యం పనిచేసే సంస్థ వస్తుంది: సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం, సీసీఎంబీ. 1977లో తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాశాలలో, అంటే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో, అది పురుడు పోసుకుంది. వ్యవస్థాపక సంచాలకుడు పుష్ప మిత్ర భార్గవ. 1987లో సొంత ప్రాంగణాన్ని జాతికి అంకితం చేశారు. భారతదేశంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు ఆద్యుడిగా పేరొందిన లాల్జీ సింగ్ పనిచేసింది ఇక్కడే. ఆయన సాధనమైన బీకేఎం డీఎన్‌ఏ కట్లపాము జాతి నుంచి వచ్చింది. అందులో ప్రధానంగా ఉన్నది జి-ఎ-టి-ఎ అనే నాలుగక్షరాల ముక్క, పదే పదే.

అదే సంస్థ నుంచి అక్షయ్ కుమార్ అవ్వారు, దివ్యతేజ్ సౌపాటి, రాకేశ్ మిశ్రా 2018లో ‘బయోఇన్ఫర్మాటిక్స్’ పత్రికలో పెర్ఫ్ అనే ప్రోగ్రామును ప్రచురించారు. ఎంత పెద్ద జీనోమ్‌లోనైనా మైక్రోసాటిలైట్లన్నిటినీ ఒక్కటీ వదలకుండా వెతికిపెట్టడం దాని పని. అప్పటికున్న ప్రోగ్రాముల కన్నా అది కొన్ని రెట్లు వేగంగా నడిచింది, మెమరీ ఐదు రెట్ల దాకా తక్కువ వాడింది. రాసిన భాష పైథాన్. నా విద్యార్థిని ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

ఆ వేగం ఎక్కడిదో దగ్గరగా చూడదగ్గది. ముందు ఎన్ని రకాల ముక్కలున్నాయో లెక్కించాలి. ఒక అక్షరం ముక్కలు నాలుగు. రెండక్షరాల కూర్పులు 16. వాటిలో ఎ-ఎ, సి-సి వంటి నాలుగు నిజానికి ఒంటక్షరపు పునరావృతాలే కాబట్టి తీసేస్తే 12. ఇలాగే దొంగలెక్క పడకుండా చూసుకుంటే మూడక్షరాలవి 60, నాలుగువి 240, ఐదువి 1,020, ఆరువి 4,020. మొత్తం 5,356. మనిషి జీనోమ్‌లో అక్షరాలు సుమారు 300 కోట్లు. ఒక్కో ముక్కను తీసుకుని జీనోమ్ అంతా వెతుకుతూ పోతే, 300 కోట్లను 5,356తో గుణించాలి. దాదాపు 16 లక్షల కోట్ల అడుగులు.

పెర్ఫ్ ఈ పనిని తలకిందులు చేసింది. కనీసం 12 అక్షరాల పొడవున్న పునరావృతం కావాలనుకుందాం. 5,356 ముక్కల్లో ప్రతిదాన్నీ 12 అక్షరాలు వచ్చేదాకా పొడిగించి, ఆ పట్టీని వెతకడం మొదలుపెట్టకముందే సిద్ధం చేసుకుంటుంది. ఐదక్షరాల ముక్కయితే రెండుసార్లు పూర్తిగా, మూడోసారి రెండక్షరాల మేరకు. ఆ తర్వాత జీనోమ్ మీద 12 అక్షరాల కిటికీని ఒక్కో అక్షరం జరుపుకుంటూ వెళ్తుంది. ప్రతి కిటికీ దగ్గరా ఒకటే ప్రశ్న: ఇది పట్టీలో ఉందా? ఉంటే, ముక్క ఏమిటో తెలిసిపోయింది కాబట్టి తర్వాత రావలసిన అక్షరమూ తెలుసు. అది వస్తున్నంతసేపూ పొడిగించి, తప్పగానే పునరావృతం ముగిసిందని రాసుకుంటుంది. 12 అక్షరాలతో రాయగల వరుసలు 1,67,77,216. వాటిలో పట్టీలోవి 5,356. అంటే మూడు వేలకు పైగా వరుసలకు ఒకటి. చాలా కిటికీల దగ్గర ‘లేదు’ అనే జవాబే రావాలి, అది తక్షణం రావాలి.

ఆ తక్షణ జవాబిచ్చేది పైథాన్‌లో మొదటి నెలలోనే నేర్పే సెట్. పట్టీని లిస్టులో పెడితే, లేదని చెప్పడానికి 5,356 పేర్లనూ వరసగా చదవాలి. సెట్ అలా చదవదు. ఉత్తరం మీద 500017 అని పిన్‌కోడ్ ఉంటే తపాలా ఉద్యోగి దేశంలోని ఊళ్ల పేర్లన్నీ తిరగేయడు, నేరుగా తార్నాక అరలో వేస్తాడు. 500007 అయితే విశ్వవిద్యాలయం అరలో. సెట్ కూడా ఇచ్చిన వరుస నుంచి ఒక సంఖ్యను గణించి, ఆ సంఖ్య చూపిన అరలోకే చూస్తుంది. అర ఖాళీగా ఉంటే జవాబు ‘లేదు’. పట్టీలో ఐదు పేర్లున్నా ఐదు వేలున్నా సగటున అంతే పని. 16 లక్షల కోట్ల అడుగులు 300 కోట్ల చూపులకు దిగివచ్చాయి. జెడ్ పద్ధతి చదివినదాన్ని గుర్తుపెట్టుకుంటే, పెర్ఫ్ చదవబోయే ముందే తెలియగలిగినదంతా తెలుసుకుని కూర్చుంది. రెండింటిలోనూ ఇంటర్‌ప్రిటర్ చేత వృథా చాకిరీ చేయించలేదు.

ఇంత జరిగాక కూడా సెకన్లు చాలకపోతే, అప్పుడు సీ భాష వైపు వెళ్లడంలో తప్పులేదు. క్రమం మాత్రం అదే ఉండాలి. ముందు కొలత, తర్వాత కాగితం మీద చేతిలెక్క, ఆ తర్వాత సరైన పద్ధతి, చివరికే భాష మార్పు. మన కళాశాలల్లో ప్రయోగశాల పరీక్షలు జవాబు సరైనదా కాదా అన్నంతవరకే చూస్తున్నాయి. లక్ష ‘అ’ల వరుస లాంటి కఠినమైన ఉదాహరణను విద్యార్థి చేతే తయారు చేయించడం, పొడవు రెట్టింపు చేసి సమయం పట్టిక రాయించడం – ఈ రెండూ ప్రతి ప్రయోగంలో భాగం చేయాలని తోటి అధ్యాపకులను కోరుతున్నాను. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఒక పీరియడ్ చాలు.

విద్యార్థులతో ఒక మాట. పెర్ఫ్ మూలపాఠం ఉచితంగా దొరుకుతుంది, పైథాన్ ప్యాకేజీగా మీ ల్యాప్‌టాప్‌లో దించుకోవచ్చు. దాన్ని నడిపి ఊరుకోకుండా తెరిచి చదవండి. పట్టీ ఎక్కడ తయారవుతోందో, కిటికీ ఎక్కడ జరుగుతోందో వేలుపెట్టి చూపగలిగేదాకా చదవండి. సెప్టెంబరు 26 సీసీఎంబీ మాతృసంస్థ అయిన సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ సందర్భంగా సీసీఎంబీ తన ప్రయోగశాలలను ప్రజలకు చూపే సంప్రదాయం ఉంది. ఈసారి ఆ తలుపులు తెరిచిన రోజున, మీరు చదివిన కోడ్ మీద మీకు మిగిలిన ప్రశ్నలను కాగితం మీద రాసుకుని వెళ్లండి.